చెప్పి విరిగేది

అతుకు తెగలే.
అతుకు పక్కన తెగింది.
హెడ్ ట్యూబు కింద, వెంట్రుక మందం,
రంగు పెచ్చు లేచిన చోట
గోరుకు తగిలింది ముందుగాల, కంటికి తర్వాత.
సాస్తి గని మట్టికుప్ప మీదికెల్లి దూకి దిగినప్పుడు
చప్పుడేం కాలే.
బల్లార్షా మొత్తం ఎప్పటి లెక్కనే
కాగితం మిల్లు వాసనేస్తున్నది.

ఓదెలు చిన్నాయన డ్యూటీ దిగొచ్చి
కాళ్లు కడగకముందే ఫ్రేము ఒళ్లె పెట్టుకున్నడు.
"వెల్డింగు కొడితే అయిపాయె గద" అన్న.
"కొడత. నా అతుకు నూరేండ్లుంటది.
పక్కపొంటి ఇనుమున్నది చూడు,
అది వేడికి బుద్ధి మార్చుకుంటది.
నువ్వు గాల్లె ఉన్నప్పుడు దానికి యాదికొస్తది."
కొట్టలే.

"సమ్మీ, హల్కీ పాయిజే కా టికావూ?"
తేలికదా, మన్నేదా అని ఖోబ్రాగడే.
ఇంట్ల సమ్మక్కను, దుకాణంల సమ్మీని.
రెండూ కావాలన్న.
నవ్వి, లోపలి చీకట్లకెల్లి
అల్యూమినియంది తెచ్చి చేతుల పెట్టిండు.
అబ్బ.
పిల్లిపిల్లను ఎత్తుకున్నట్టే. కిలో ఏడువందలు.
రెండు రాత్రులు కలల దాని మీదనే దూకిన.
ఇంకోటి మామూలు ఇనుము, అగ్గువది,
కుప్ప ఎక్కేసరికే ఊపిరి తింటది. దాన్ని ముట్టలే.

చిన్నాయన తూకం ముచ్చటే ఎత్తలే.
గోడ మేకుకున్న పాత క్యాప్ లాంపు బ్యాటరీ చూపిండు.
"పదకొండేండ్లు నడుముకు కట్టుకొని దిగిన.
ఇప్పటి పోరగాండ్లది టోపీ మీదనే, కోడిగుడ్డంత.
వెలుగు దానిదే ఎక్కువ. తేలిక తప్పు గాదు.
గని కింద, కప్పుకు కట్టె దిమ్మెలు పెడుతుంటిమి.
ఎనుక ఇనుపయి వచ్చినయి, బలమైనయే.
అయినా ముసలోళ్లు కట్టె పక్కకే కూసుండి సద్ది తినేది.
కట్టె విరిగేముందు కిర్రుమంటది.
ఉరికేటందుకు టైమిస్తది."
బీడీ ఆర్పి,
"నీ పిల్లిపిల్ల చెప్పదు బిడ్డా."

క్రోమోలీ.
బెంగాలీ క్యాంపు పిల్ల పేరనుకున్నది మా రాజవ్వ.
ఖోబ్రాగడే బిల్లు వెనక బొమ్మ గీసిండు:
గొట్టం కొసలకు మందం, నడుమ పల్చన.
ఒకదాన్నొకటి పట్టుకునే కాడ మందం,
ఊరికే సాగిపోయే కాడ పల్చన.
ఇరవై రెండు వేలు.
క్యాంటీన్ల ఏడాదిన్నర టోకెన్లు చింపిన పైసలు.
టాప్ ట్యూబు ఇరవైన్నరా, ఇరవై ఒకటా?
చీపురుకట్ట అడ్డం పెట్టుకొని
మోకాళ్లు తగులుతయా చూసుకుంటుంటే
రాజవ్వ చీపురు గుంజుకున్నది.
ఇరవై ముప్పావు.

పూణె నుంచి రైల్ల వచ్చింది, అట్టపెట్టెల, రంగు లేకుండ.
రంగెయ్యొద్దన్నడు చిన్నాయన.
"పల్చగ వార్నిషు చాలు. చీలిక ఒస్తె కనబడాలె."
రేషన్ దుకాణం కాంటా మీద పెట్టినం.
రెండు కిలోల నూటనలభై.
"నలభై గ్రాములు ఎక్కువున్నది, మోసం" అన్న.
"కొసలకు పోయింది తియ్" అన్నడు.
గోరుతో కొట్టిండు. నడుమ టింగు, కొసకు టక్కు.
మల్ల కొట్టిండు. మల్ల.
యాభై ఆరేండ్ల మనిషి.

చక్రాలు రాలే ఇంకా. అప్పటిదాక ఏడ పెట్టాలె?
బ్యాటరీ దించి ఆ మేకుకే తగిలించినం,
ఎన్నడో బరువుకు కిందికి వంగి
అట్లనే ఉండిపోయిన మేకు.

నడిరాత్రి బొగ్గు గూడ్సు పోయింది.
గోడ అదిరి, ఫ్రేము సన్నగ మోగింది.
పక్క అర్రలకెల్లి చిన్నాయన గొంతు, నిద్రలనో మెలకువనో:

"ఏమంటున్నదే అది?"