మూట

ఆదోనిలో మా అంగడి బోర్డు మీద
ఉస్సేనప్ప సౌండ్ సర్వీస్ అని ఉంటాది.
పెళ్లికి, పీర్ల పండగకు, ఓట్లకు, చావుకు
ఒకటే డబ్బా, ఒకటే వైరు.
మైకుకు కులం లేదురా అని మా నాయన అంటాండె.
బాడిగ మాత్రం ఉందని నేను కలుపుతా.

బేస్తవారం పొద్దున్నే సీలాసు వస్తాడు.
రేషను కార్డులో ఇంకా సుంకన్నే,
అట్ల పిలిచినా పలుకుతాడు.
ఇరవై ఏండ్లు పత్తి యార్డులో హమాలీ.
మెడ ఎడమకు వంగి అట్లే నిలిచిపోయింది,
చెవిలో ఎవరో ఏదో చెప్తాంటే వింటున్నట్టు.
బాడిగ నూటయాభై.
వంద చేతిలో పెట్టి, యాభై వచ్చే వారం అంటాడు.
ఆ యాభైలతోనే నా నోటుబుక్కులో
ఒక పేజీ నిండిపోయింది.

యార్డు గేటు కాడ, ట్రాక్టర్ల పొగలో
స్టూలు మీద డబ్బా పెట్టి మొదలుపెడతాడు:
"అబ్బీ, నెత్తిన బోరెం ఉన్నోడు
తనంతట తాను దించుకోలేడు.
వంగితే నడుము పోతాది, విదిలిస్తే మెడ పోతాది.
ఇంకొకడు వచ్చి చెయ్యేయాల.
ఆ ఇంకొకని పేరు చెప్పేదానికే వచ్చినా."
ప్రతి వారం అదే.
గ్రంథం తెరిచి పట్టుకుంటాడు గాని చూడడు.
చదువు రాదు.
చేతిలో ఉంటే కాళ్లు వణకవంట.

తిట్లంటావా, అవీ ప్రతి వారమే.
"నీ దేవుడు నా గిరాకీ చెడగొడతాండాడు"
బజ్జీల బండి వీరేశి.
"పైలోకంలో క్వింటాలు ఎంత పలుకుతాండాది సుంకా?"
దలారీ శెట్టి, పండ్లు కుట్టుకుంటా.
మోటారు సైకిలు పిల్లోళ్లయితే
ప్రార్థన అయ్యేదాకా హారను వదల్లేదు.
వాళ్ల గుడి పెద్ద కాంతయ్య సారు
ఇస్త్రీ చొక్కా నలగకుండా నా అంగట్లో కూచుని
"వానికి మైకు ఇయ్యద్దు ఉస్సేనూ,
తప్పులు చెప్తాడు, మా పరువు పోతాంది" అన్నాడు.
అందరికన్నా మెల్లగా అన్నది ఆయనే.
ఆ మాట చేరిన రాత్రి సీలాసు
వైరు చుట్ట చుట్టి, విప్పి,
మళ్లీ చుట్టి, మళ్లీ విప్పినాడు.

నేనేమన్నా మంచోన్నా? నేనూ అడిగినా:
"ఇన్నేండ్లకు ఒక్కడన్నా విన్నాడా?"
"తూకం ఏసేటోడు వేరే ఉండాడప్పా.
నేను ఇప్పుడు గూడ హమాలీనే."

పోయిన నెల రేటు పడిపోయిన దినం.
పెద్దతుంబళం రైతు ఒకడు, పేరు తెలీదు,
కొనేటోడు లేని పత్తి మీద కూచున్నోడు
లేచి వచ్చి మైకు లాక్కొని నేలకేసి కొట్టినాడు.
"దించుతాడా నీ దేవుడు? దించమను!"
డబ్బా కుయ్యిమని ఒకసారి అరిచి ఊరకైంది.
సీలాసు ఏమీ అనలేదు.
తుండు తలకు చుట్టుకొని
ఆయన బోరేల దగ్గరికి పోయినాడు,
తిరిగి బండికెక్కించాల కదా.
మొదటి దానికే ముసలి నడుము పట్టేసింది.
నెత్తిన మూటతో అట్లనే నిలబడినాడు,
దించలేడు, కదల్లేడు.
మైకు పగలగొట్టినోడు పరిగెత్తి వచ్చి చెయ్యేసినాడు.
ఒక్క మాట లేదు ఇద్దరి మధ్య.
తర్వాత ఆ రైతు ట్రాక్టరెక్కి పోయినాడు,
మైకు దుడ్లు కూడా ఇయ్యకుండా.

నేను మారలేదు.
శుక్రవారం నమాజుకు ఎగ్గొట్టేది ఎగ్గొడతానే ఉండా.
యాభైల పేజీ చించనూ లేదు,
కొత్త యాభై రాయనూ లేదు.

నిన్న మంగళవారం, ఎవరిదో నిశ్చితార్థం.
మైకు బాగుచేసి తెచ్చి, అంగడి ముందర పెట్టి,
హలో, హలో, ఒకటి, రెండు అన్నా.
మూడు రాలేదు నోటికి.
"అబ్బీ, నెత్తిన బోరెం ఉన్నోడు..."

రోడ్డుకవతల వీరేశి
నూనెలో జల్లెడగంటె ఆపి అడిగినాడు:
"ఏం ఉస్సేనప్పా,
ఇయ్యాల బేస్తవారమా?"