కలామాలో ఒక కండె

సన్నం అంటే ఇంత సన్నమని ఎవరూ చెప్పలేదు.
దీపం కింద పెడితే ఉంది,
ఒక్క అంగుళం పక్కకి జరిపితే లేదు.
నా తల వెంట్రుక తెంపి పక్కన పెట్టి చూశాను.
వెంట్రుకే మోటు.

మా ఊరి కొండని తవ్వి, కరిగించి, పలకలు పోసి
రైలెక్కించి, ఓడెక్కించి పంపేస్తారు.
ఎక్కడో దాన్ని ఇలా లాగి లాగి, పైన లక్క పూసి
అరకిలో రీలుగా మళ్ళీ నాకే అమ్మారు.
తపాలా ఖర్చు అదనం.
ఇరవై ఆరేళ్లు ఆ గోతిలో లారీ తోలిన మా నాన్న నిబాల్దో
రీలుని అరచేతిలో ఎగరేసి పట్టుకుని
"ఇంతేనా?" అన్నాడు.
ఆయన లెక్క టన్నుల్లో.

గిటారు సంతలో దొరికింది.
మూగదని చవగ్గా ఇచ్చారు.
కుట్టుమిషన్ మోటారు ఒకటి, దాని ఇరుసుకి కండె,
కండె నడుమ ఆరు అయస్కాంతాలు.
లెక్కకి బడినాటి కాలిక్యులేటరు:
ఇరుసు ఒకసారి తిరిగితే ఒకటి కలుపుకుంటుంది.
ఎనిమిది వేలు చుట్టాలి.

మొదటిది నాలుగు వందల దగ్గర తెగింది.
రెండోది మూడు వేల నూట పన్నెండు
అనుకుంటాను.
తెగిన చప్పుడు రాదు దానికి.
మోటారు తిరుగుతూనే ఉంది, అంకెలు ఎక్కుతూనే ఉన్నాయి,
నా వేళ్ల మధ్య ఏమీ లేదు.
ఎంతసేపటి నుంచి లేదో తెలీదు.

వెనక వీధిలో దోన్ ఎలియేసెర్,
గని పంపుల మోటార్లు విప్పి కొత్త తీగ చుట్టే మనిషి.
చిటికెన వేలంత తీగనైనా మెడ వంచి కూర్చోబెడతాడు.
కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు.
"ఇది తీగ కాదు యస్నా,
తీగ గురించి ఎవరో పుట్టించిన పుకారు."
ఆ తర్వాత టోపీ అంచు నుంచి ఉన్ని ముక్క కోసి
నా వేళ్ల మధ్య పెట్టాడు.
"పట్టుకోకు. పోతోందని తెలిస్తే చాలు."

మూడోది, గురువారం రాత్రి.
ఐదు వేలు దాటాక భూమి కదిలింది.
మా ఊళ్లో భూమి కదలగానే ఎవరూ లేవరు;
లేవాలా అక్కర్లేదా అని లోపల పదిదాకా లెక్కపెడతారు.
గూట్లో కప్పులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
దీపం ఊగింది, తీగ కనిపించి, పోయి, కనిపించి...
నేను రెండు లెక్కలు పెడుతున్నాను,
పెడల్ మీంచి కాలు తీయలేదు.
ఏడు దగ్గర ఆగింది, భూమి.
తీగ ఆగలేదు.

ఆ కాసిని చుట్లు మాత్రం
వదులుగా, అడ్డదిడ్డంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి పడ్డాయి.
విప్పే ధైర్యం లేదు.
వాటి మీదే మిగిలిన మూడు వేలూ చుట్టేశాను.

మీటరు ఐదు పాయింట్ తొమ్మిది అంది.
రెండుసార్లు మొహం తిప్పుకున్న మీటరే.
టంకం వేసి, గిటారులో దించి, ఆంప్లిఫయర్ పెట్టగానే
ముందు ఒక గొణుగుడు.
స్క్రూడ్రైవరుతో అయస్కాంతాన్ని తాకితే
టక్.
ఇంకా ఒక్క స్ట్రింగూ బిగించలేదు.
అప్పుడే తలుపు తోసుకొచ్చి, గిటారు మీదికి వంగి
"పలికిందా?" అని అరిచాడు దోన్ ఎలియేసెర్.
"పలికిందా?" అంది ఆంప్లిఫయరు,
రేకు డబ్బా లోంచి, ఆయన గొంతుతోనే.

మైనం తాపనందుకు అది.
వదులు చుట్లు మాటకి కూడా వణుకుతాయి.
కరిగిన మైనంలో ఓ పావుగంట ముంచితే
మనుషుల మాట ఇక వినిపించుకోదు,
స్ట్రింగులదే వింటుంది.
పద్ధతి అదే.
స్టవ్ మీద ఆరు కొవ్వొత్తులు కరుగుతూనే ఉన్నాయి.

ఆయనకి సంగతి అర్థమయింది.
గొంతు సవరించుకుని, కండెకి నోరు ఆనించి,
పొద్దుటి రేడియో మనిషిలా
ఇవాళ్టి రాగి ధర చదివాడు,
పౌనుకి ఇన్ని డాలర్లు, ఇన్ని సెంట్లు.
నాన్న నవ్వబోయి దగ్గాడు.
పెట్టె కూడా కొంచెం దగ్గింది.

స్టవ్ ఆర్పేశాను.
మైనం రేపు.