ఏరుడు

కాజీపేట సెమినరీల లాటిన్ చెప్పిన
శౌరయ్య ఫాదర్‌కు ఆ దినం పంటినొప్పి.
దవడ పట్టుకొనే బోర్డు మీద రాసిండు:
లెగో, లెగిస్, లెగిత్.
గుంటూరు నుంచొచ్చిన ఇన్నాసి
"లెగిస్తే మళ్లీ కూర్చోవద్దా" అని కిసుక్కున నవ్విండు.
నేను మాత్రం నోటుబుక్కుల ఎక్కించుకున్న:
చదువుతున్న, చదువుతున్నవు, చదువుతున్నడు.

"అది కొసకొచ్చిన అర్థంరా" అన్నడు ఫాదర్.
"మొదలు ఏరుడు.
పండ్లేరుడు, పుల్లలేరుడు.
ఏరుకొచ్చిన కట్టెకు వాళ్ల మాట లిగ్నుం,
అదిగూడ దీని కడుపుల పుట్టిందేనంటరు.
అక్షరాన్నేరి అక్షరం పక్కన పెట్టుకున్నంక
అది చదువైంది."
గంట కొట్టిండ్రు.
ఆ పూట పప్పుల రాయొచ్చింది నాకు.

ఏరు దాటినంక తెప్ప తగలేసినట్టు
సెమినరీ ఇడిసిపెట్టిన.
ఎనుమాముల మార్కెట్ల కాంటా కాడ చిట్టీలు రాస్త.
తేమ పన్నెండు. తరుగు రెండు కిలోలు.
లాటిన్‌తోటి ఏం పని?

పరకాల దిక్కు మా రెండెకరాలకు
కైకిలి వస్తది కొమురమ్మ.
ఒడి కట్టుకొని సాలు పట్టిందంటే
కండ్లు ముందు, చేతులెనుక.
గుల్ల ముల్లు గోటిసందుల దిగినా ఆగది.
పుచ్చుకాయను ఇడుస్తది, తడిసిన దాన్ని వేరుగ పెడ్తది,
ఈ కొసకొచ్చి ఆ సాలుకు మళ్లుతది
పేజీ తిప్పినట్టు.
కూలి రిజిస్టర్ల మాత్రం బొటనేలు.
"నీకు చదువు రాదా అక్కా" అని అడుగవోయి
నాలుక కరుసుకున్న.

దసరా ఎనుక ఆమె పెనిమిటి పోయిండు.
మూడొద్దులకు బొక్కలేరుడు.
నేనూ పోయిన, బిందె పట్ట మనిషి తక్కువైతే.
పాలు సల్లినంక
కొడుకు ఓదేలు చెయ్యి వణికింది.
"జరుగు బిడ్డా" అని ఆమే కూసుంది.
కాళ్ల దిక్కు నుంచి మొదలువెట్టి
ఒక్కొక్కటి.
"ఇది మోకాలు. బండి బోర్లపడ్డప్పుడు పలిగింది.
ఇది చెయ్యి. పెండ్లినాడు
పుస్తె ముడి రెండుమాట్ల జారింది దీనికే."
ఊదుకుంట, తుడుసుకుంట
కొత్త కుండల పెట్టుకుంట పోయింది.

లాటిన్‌లగూడ దీనికి ఇదే క్రియ.
ఒస్స లెగెరె.
శౌరయ్య ఫాదర్ చెప్పనే లేదు.
చెప్పిండో,
ఆయన పంటినొప్పిల నాకే ఇనరాలేదో.

నెల తిరిగినంక మళ్ల చేనుకొచ్చింది.
రిజిస్టర్ల పేరు రాసి
ఎందుకో పైకి చదివిన.
"కొమురమ్మ."
"ఊఁ" అన్నది, తిరిగి సూడకుంటనే,
కింద రాలిన పత్తి తునక కోసం వంగుకుంట.