ఏడో గడి

బళ్ళారి రోడ్డు షోరూములో ఏసీ చలికి
నా మోచేతుల మీద పిడుదులు కుట్టిన మచ్చలు కూడా ముడుచుకున్నాయి.
బుకింగు ఫారంలో ఆరు గడులు నిండినాయి:
పేరు, ఊరు రాయదుర్గం, ఫోను నంబరు, వృత్తి పశువైద్యం,
ఫోర్ వీల్ డ్రైవు అవును, అడ్వాన్సు ఇరవై ఐదు వేలు.
ఏడో గడి కాడ సేల్సు పిల్లోడు హేమాద్రి
పెన్ను మూత తీసిచ్చి మర్యాదగా నిలబడినాడు.
"పెట్రోలా మేడమ్, డీజిలా?"

పెట్రోలయితే లక్షా ఇరవై వేలు తక్కువ.
స్టీరింగు వణకదు,
నూరు దాటినా పక్కసీటు మాట వినపడుతుందంట.
నా పక్కసీటులో కూర్చునేది టీకాల ఐసుపెట్టె.
దానికీ నాకూ మాటల్లేవు.

డీజిలయితే "లాగుడు మేడమ్, లాగుడు!" అని
పిడికిలి బిగించి చూపించినాడు.
ఇసుక చూసినోడు కాదు, వాని బూట్లే చెప్తాండాయి.

నేను చూసినాను.
కణేకల్లు దాటితే హగరి,
నీళ్ళు మానేసి గాలితో పారే ఏరు.
నిన్న దారి ఉన్నచోట ఇవాళ దిబ్బ,
ఇవాళ దిబ్బ ఉన్నచోట ఎవరిదో శెనక్కాయ చేను ఉండేది.
మా పాత జీపు, పందొమ్మిదేండ్లది,
టైర్లలో సగం గాలి దించితే
రెండో గేరు పట్టుకొని, నల్లగా దగ్గుకుంటా ఒడ్డెక్కేది.

మెకానిక్కు ఫక్కీరప్పనడిగితే స్పానరుతో చెవి గోక్కున్నాడు.
"కొత్త డీజిలు మన డీజిలు కాదమ్మా.
పొగగొట్టంలో జల్లెడ పెట్టినారు.
ఊళ్ళోనే తిరిగితే మసి గట్టి చోకైతాది.
వారానికొకపారి హైవే ఎక్కి
పనిల్యాకున్నా నలభై మైళ్ళు పోయి రావల్ల,
ఎద్దును ఏటికి తోలుకపోయినట్టు."
మరి పెట్రోలో?
"అది తాగుబోతు. ఇసుకలో ఇంగా తాగుతాది."

రాత్రి మందుల పుస్తకం వెనకట్ట మీద లెక్కేసినాను.
నెలకు పద్దెనిమిది వందల కిలోమీటర్లు,
ఒకటి లీటరుకు పద్నాలుగు, ఒకటి పదకొండు.
తేడా తీరేది ఇరవై మూడో నెల.
ఫీజుకు బదులు పొట్టేలిస్తామనేవాళ్ళను
ఏ వరుసలో కలపాల్నో తెలీక గీత కొట్టేసినాను.

లెక్కకెక్కనిది ఒకటుంది.
పోయిన కార్తీకం, మూతివాపు జబ్బు మంద మీద పడిన రాత్రి,
రెండు మైళ్ళ అవతల నా జీపు దిబ్బెక్కే మోత విని
మాళింగప్ప గొర్రెలన్నిటినీ కంచెలోకి తోలిపెట్టినాడు,
జబ్బువి ముందు, మంచివి వెనక, చేతిలో టార్చి.
"నేనొస్తానని ఎట్ల తెలిసె?"
"నీ బండి చెప్పె గదమ్మా."

అదే మోతకు, కంచె దగ్గరికొచ్చేసరికి,
సూడి గొర్రె ఒకటి బెదిరి ముళ్ళ మీదికి దూకింది.
తెల్లారేలోపల ఈచుకపోయింది.
మాళింగప్ప నన్నేమీ అనలేదు.
పిల్లను గోనెపట్టలో చుట్టి, నాకు టీ పెట్టినాడు.
తాగినాను.

"దీని హారను ఎంతదూరం పోతాది?" అని అడిగినాను.
హేమాద్రి తికమకపడి, అద్దాల గదిలోనే ఒకసారి మోగించినాడు.
అందరూ తిరిగి చూసినారు.
పెండ్లికి పిలిచినట్టుంది, గొర్రెల కాపరిని పిలిచినట్టు లేదు.

ఏడో గడిలో డీజిలని రాసినాను.
ఆఖరి దిబ్బ కాడ ఇంజను ఆపేస్తాను,
ఐసుపెట్టె నెత్తిన పెట్టుకొని అవతలికి నడుస్తాను.
అంతదూరం నడవలేని ముసలిదాన్నేం కాలేదింకా.
"కొత్త డీజిలు కూడా మెత్తనే మేడమ్, పాతదాని మాదిరి అరవదు."
సరే. మాళింగప్ప కొత్త గొంతు పట్టుకునేదాకా
ఒకటి రెండు రాత్రులు పొరపాటు పడతాడేమో.

"డెలివరీకి నాలుగు నెలలు పడుతుంది," అన్నాడు హేమాద్రి,
నేను కోప్పడతానేమోనని కిందికి చూస్తా.

నాలుగు నెలలు.
అప్పటికి గొర్రెలు ఈనింటాయి.