శాంపిల్

గోడ మీద బోర్డు:
ఆడా మగా అడగరాదు, చెప్పరాదు.
దాని కింద కూసొని
మిగతావన్నీ అడగొచ్చని తెలుసుకున్న.

పన్నెండు వారాలు. రెండు సంచులు, రెండు గుండెలు.
హన్మకొండ, నక్కలగుట్ట సందుల స్కానింగు గది.
డాక్టరమ్మ ఎడమ దిక్కున్నోళ్ల మెడ వెనక
సన్నటి నల్లగీతను కొలిచి, మళ్లోసారి కొలిచి
"కొంచెం మందంగ ఉన్నది" అన్నది,
దుప్పటి సంగతి చెప్పినట్టు.

రక్తం తీసి హైదరాబాదుకు పంపుతరట.
పది రోజులు. నా రెండు నెలల జీతం.
అయినా ఇద్దరి రక్తం ఒక్క గొంతుతోనే మాట్లాడుతదట:
ఏదో ఉన్నదని చెప్తది గని
ఎవరికో చెప్పదు.
ఎవరికో తెల్వాల్నంటె సూది,
పదహారు వారాలు దాటినంక, రెండు సంచులకు రెండు పోట్లు.
"నూటికి ఒక్కరికి..." అని ఆమె ఆగింది.
నా లెక్కల ఆ ఒక్కరి పక్కన
ఇంకొకరుంటరు గద.

నేను ఎనుమాముల యార్డుల కాంటా చీటీలు రాస్త.
మిర్చి దిగిన పొద్దున
ఖరీదుదారు బస్తా కడుపు కోసి
పిడికెడు తీసి, తొడిమ విరిచి, వాసన జూసి
ఒక్క మాటంటడు.
ఆ మాట లాటు మొత్తానికి.
కోసినకాడ మళ్ల ఎవ్వరు కుట్టరు.
రైతు ఆ చిల్లు మీద అరచెయ్యి పెట్టి నిలబడతడు.
ఏడేండ్ల సంది చూస్తనే ఉన్న,
ఇయ్యాల్నే ఆ చెయ్యి కనబడ్డది.

పొద్దుగాల ఓదెలు "చేపిద్దాం, తెలిస్తె నయం గద" అన్నడు.
రాత్రి లైటు తీసేసినంక
"తెలిసి ఏం జేస్తం?" అన్నడు.
రెండూ ఆ నోరే. రెండిటికీ నేను ఊఁ అన్న.

మా మరిది సారంగం. ఇరవై ఆరేండ్లు.
ఆ మందపు గీత పెరిగి పెద్దయితె ఎట్లుంటదో
మా ఇంట్ల ఎవ్వరికీ ఫోన్ల చూసే పని లేదు.
ఇద్దరని చెప్పిన కాన్నుంచి
జామకాయలు రెండు తెస్తున్నడు, బిస్కెట్లు రెండు,
ఎక్కని బస్సుల టికెట్లు గూడ రెండు.
వాడే ఒక రాత్రి కాజీపేట స్టేషన్ల తప్పిపోయిండు.
వాని గుండెకు ఆపరేషనైనప్పుడు అమ్మిన ఎకరం
ఇప్పటికీ బస్సు కిటికీలకెళ్లి కనబడుతది,
మా అత్త అటు చూడదు.
వాడు పుట్టినంక ఆమె ఏ చుట్టపింట్ల రాత్రి పండలె.

చింతపండు గింజలు తీసుకుంట కూసున్నది.
అడుగుదామా వద్దా అనుకుంటనే అడిగిన:
"అత్తమ్మా, నువ్వైతె ఏం జేసేదానివి?"
గింజ తీసి పక్కకేసింది. ఇంకోటి.
"మెల్లగ, వాడు ఇంటడు" అన్నది.
చానాసేపటికి,
"నన్నెవ్వలు అడగలె బిడ్డా.
అడిగితె ఏం జెప్పెదాన్నో
నాకు ఇంకా తెల్వది."

తెలుసుకునుడు వేరు, తేల్చుడు వేరు.
యార్డుకు పోయేటప్పుడు ఆటోల ఇదే అనుకుంట,
వచ్చేటప్పుడు నమ్మబుద్ధి గాదు.
ఎడమ పక్కకు తిరిగి పండమన్నరు.
ఎడమ అంటె ఎవరో తెలిసినంక
నిద్రల గూడ జరుగుతున్న.

గురువారం ఆఖరు.
రక్తం మట్టుకు ఇస్త. సూది సంగతి
ఇప్పుడు నన్ను అడగకుండ్రి.
సంతకం చేద్దామని
చీటీల బుక్కుల దాసిన ఫారం తీసిన.
కార్బన్ కిందికి ఎప్పుడు జరిగిందో,
నా పేరు మీద అచ్చు పడ్డది ఎవరిదో బరువు:
నలభై రెండు కిలోల మూడు వందలు.
రబ్బరుతో తుడిచిన. పోలె.
దాని పక్కన్నే సంతకం పెట్టిన.