మిగిలినది అనగా

మార్చి. సెయింట్ జాన్స్ రేవులో మంచు పలకలు
ఒకదాని భుజం ఒకటి రాసుకుంటున్నాయి.
నాలుగో అంతస్తులో హీటరు గురక పెడుతోంది.
అప్పు ఒప్పందం, పదకొండో ప్రతి, పంతొమ్మిదో పేజీ
సాయంత్రం నుంచీ ఒక్క మాట దగ్గరే ఆగి ఉంది:

"విచక్షణాధీన నగదు ప్రవాహం అనగా"

అనగా తర్వాత ఖాళీ.
ఆ ఖాళీ చుట్టూ ముగ్గురు.

బ్యాంకు తరఫున డెస్మండ్ ఫర్లాంగ్
పెన్సిలు మొన చూసుకుంటూ చెబుతాడు:
వసూలైన దాంట్లోంచి నడక ఖర్చు తియ్యి,
పన్ను తియ్యి, వడ్డీ తియ్యి, అసలు వాయిదా తియ్యి,
ఉన్న యంత్రం ఉన్నట్టే ఉండడానికి అయ్యేది తియ్యి.
ఇక మిగిలింది నీ ఇష్టం.
అందులో సగం ముందు మాకు.

"నా ఇష్టమైతే సగం మీదెట్లా అవుతుంది?"
ఆంబ్రోస్ కీపింగ్, పీతల ఫ్యాక్టరీకి మూడో తరం,
ఉప్పు కొరికిన వేళ్లు బల్ల మీద పరిచాడు.

అతని లాయరు లొరెట్టా హెన్నెబరీ
ఏమీ అనకుండా ఒక కామా జరిపింది.
ఆ కామా విలువ ఏడాదికి రెండు లక్షల డాలర్లు.

కంప్రెసరుకి అతుకేస్తే అది మరమ్మతు,
అంటే తప్పనిసరి, లెక్కలోంచి పోతుంది.
కొత్తది కొంటే అది ఇష్టం,
అంటే బ్యాంకుని అడగాలి.
"మరి అతుకు మీద అతుకేసి
ఆ అతుకూ ఊడిపోతే?"

ఎవరూ అడగకుండానే చెప్పాడు.
నాన్న హయాంలో, వరసగా మూడేళ్లు,
పుస్తకాల్లో చక్కటి మిగులు.
మిగులు ఎక్కడినుంచి వచ్చిందో
నాలుగో ఏడు జులైలో తెలిసింది.
పైపు చీలి, అమోనియా తెల్లగా, నేల మీద పాకుతూ,
తూకం దగ్గర నిలబడ్డ ఫిలొమీనా రైడవుట్ దాకా వచ్చింది.
ఆమె ఇప్పటికీ రెండు మెట్లెక్కి ఆగుతుంది.
"పద్దులో మేం మిగిల్చింది
ఆమె ఊపిరండీ."

హీటరు గురక ఆగింది, మళ్లీ మొదలైంది.

ఫర్లాంగ్ చెడ్డవాడు కాడు.
పక్క అఖాతంలో ఒక పెద్దమనిషి
మంచు బండి కొని మరమ్మతుల కింద రాస్తే
సంతకం పెట్టింది ఇతనే.
అప్పటినుంచి అవసరం అన్న మాట వింటే
జేబు తడుముకుంటాడు.

విచక్షణ.
అందులో ఒక కన్ను దాగుంది,
ఇది వేరు, అది వేరు అని చూసే కన్ను.
చూడ్డం చేతకాని చోట
ఇష్టం అని రాసుకుంటాం.

పదిన్నరకి వాక్యం కుదిరింది:
"వివేకవంతుడైన నిర్వాహకుడు
మనుషుల క్షేమానికి వాయిదా వేయడనదగిన
ఏ వ్యయమైనను మినహాయించిన పిమ్మట"
ఎవరా వివేకవంతుడు?
ఒప్పందాల్లోనే పుట్టి ఒప్పందాల్లోనే ఉంటాడు,
అతనికి జలుబు చెయ్యదు, బావమరుదులుండరు,
ఎవరి పెళ్లికీ అప్పు చెయ్యడు.
అతని మీదే భారం వేసి ముగ్గురూ కోట్లు తొడుక్కున్నారు.

తలుపు దగ్గర లొరెట్టాకి గుర్తొచ్చింది:
"క్రిస్మస్‌కి మనవాళ్లకిచ్చే టర్కీ కోళ్లు,
అరవై రెండు. తప్పనిసరిలో కలిపేద్దామా?
ఆయన ఒప్పుకుంటాడు."
ఫర్లాంగ్ అలసటగా తలూపాడు కూడా.

"వద్దు," అన్నాడు ఆంబ్రోస్.
"అవి మిగిలిన దాంట్లోంచే పోవాలి.
ఏమీ మిగలని ఏడు నా జేబులోంచి.
అదొక్కటీ
నా ఇష్టం కిందే ఉండనివ్వండి."

ఆమె పెన్ను మూత పెట్టింది.
కింద వీధిలో ఉప్పు చల్లే బండి
మెల్లగా, ఎవరింటి ముందూ ఆగకుండా
పోతోంది.