స్థానిక నామం

మ్యూజియం గదిలో ఫార్మలిన్ వాసన
సాయంత్రం దాకా కళ్ళలోనే ఉంటుంది.
నా పని చీటీలు రాయడం.
సీసాకొక చీటీ, చీటీకి నాలుగు గళ్ళు:
శాస్త్రీయ నామం, దొరికిన చోటు, తేదీ,
స్థానిక నామం.

మొదటి మూడూ పాత రిజిస్టరులో దొరుకుతాయి.
నాలుగో గడిలో ఎవరో చిన్న అడ్డగీత గీసి
టీ తాగడానికి లేచి వెళ్ళిపోయారు,
ముప్ఫై ఏళ్ళ కిందట.

లాటిన్ నాకు రాదు.
అయినా రాసి రాసి ఒకటి కనిపెట్టాను:
వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు.
పెర్నా వారి విరిడిస్, పచ్చ అంచు ఆల్చిప్ప.
ఐపోమియా వారి పెస్-కాప్రే, ఇసుక మీద పాకే తీగ.
మన గవ్వ నిన్నమొన్నటి దాకా సైప్రియా వారి పిల్ల,
పెళ్ళేమీ కాకుండానే
మోనెటారియా వారింటికి మారింది.
పాత చీటీ గోకి కొత్తది అతికించాను.
సీసాలో గవ్వ
అటు తిరిగి కూడా చూడలేదు.

ఖాళీ గడి కోసం ఆదివారం పెదజాలరిపేట వెళ్ళాను.
గరికిన నూకాలు నెత్తళ్ళు ఆరబెడుతోంది.
సంచిలోవి ఒక్కొక్కటే ఆమె ముందు పెట్టాను.
ఇదేంటి? "గుల్ల."
ఇది? "గుల్లే."
మరి ఈ చుక్కలది?
"ఓలమ్మా, సుక్కలుంటే గుల్ల కాదేటి?"
కాకిని ఒకసారి అదిలించి, అప్పుడు చెప్పింది:
"తిన్నదానికి పేరుంటాది.
కరిసినదానికి పేరుంటాది.
ఊరికే ఉన్నదానికి పేరెందుకే గుంటా?"

నేను కదలకపోయేసరికి తనే లేచింది.
బాలబండి తీగ చూపించి
కాచి మోకాళ్ళకి కట్టుకుంటాం అంది.
దీన్ని వాళ్ళు మేకకాలు అంటారని చెప్పాను.
ఆకు తిప్పి, నడిమి చీలిక మీద గోరు పెట్టి,
"మేకల్ని కాసినోడే ఎట్టుంటాడు" అంది, ఒప్పుకుంటూ.
రావణాసురుడి మీసాలు గాలికి దొర్లుకుంటూ
బీచ్ రోడ్డు మీదికొచ్చాయి.
ఒక ఆటో వాటికి దారిచ్చింది.
స్పినిఫెక్స్ అని పలికాను;
నోట్లో ఇసుకలా కరకరలాడింది.

లాసన్స్ బే రాళ్ళ దగ్గర నీళ్ళు బాగా పాటు తీశాయి.
తడి రాతికి అతుక్కుని బొటనవేలంత ప్రాణి,
వీపు మీద ఎనిమిది పలకలు.
సరిగ్గా దీని సీసా మీదే
గడి మరీ ఖాళీగా ఉంది.
"నాకాడ దీనికి పేరు లేదు," అంది నూకాలు.
"నీ పుస్తకంలో ఏటంటారు?"
కైటన్. గ్రీకు వాళ్ళ భాషలో చొక్కా.
అంతే, ఆమె రాయి మీద చతికిలబడి
గాజులు గలగలలాడేలా నవ్వింది.
"సొక్కా!
మరి బొత్తాలు ఎనిమిదున్నాయి, సూసుకున్నాడా?"

సోమవారం నాలుగో గడిలో రాశాను:
ఎనిమిది బొత్తాల చొక్కా.
క్యూరేటర్ గారు ఎర్ర సిరాతో "ఆధారం?" అన్నారు.
లాటిన్ పేర్ల వెనక ఎప్పుడూ
పేరు పెట్టిన మనిషీ, ఒక సంవత్సరమూ ఉంటారు.
ఆ పద్ధతి తప్పకుండా, చిన్నక్షరాల్లో,
గరికిన నూకాలు, నీళ్ళు పాటు తీసిన ఆదివారం
అని చేర్చాను.
ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.
కొట్టెయ్యలేదు.

నెల పోయాక మళ్ళీ వెళ్ళాను.
"ఇదిగో సీటీలమ్మ వచ్చినాది," అని
ఆమె పక్కింటివాళ్ళకి చెప్పింది.
నా అసలు పేరు ఇప్పటికీ అడగలేదు.
చొక్కా సంగతి గుర్తు చేస్తే
నెత్తళ్ళ మీంచి తలెత్తకుండా అంది:
"నానెప్పుడన్నాను? అది గుల్ల."

చీటీ మార్చలేదు.
తిరిగి వస్తూ రాళ్ళ దగ్గర ఆగి
దాన్ని వేలితో కాస్త కదిపి చూశాను.
బొత్తాలన్నీ పెట్టుకుని
రాతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.